దూకనన్న రోజు

పరుపుల షాపు, వెనక గది
ఆదివారం మధ్యాహ్నం

అక్కకి,

ఫోన్ చేస్తే "ఊ", "ఆఁ" తప్ప నీ నోటికి ఇంకేం రావా అని తిట్టావు కదా. మాట్లాడాలనే ఉంటుంది. నోటి దాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది. అందుకే మెసేజ్ రాస్తున్నా. రాస్తుంటే నా మొహం ఎవరూ చూడరు. ఆరో తరగతిలోనే బడి మానేసినవాణ్ణి, తప్పులుంటే నువ్వొక్కదానివే నవ్వుకో. బావకి చూపించకు.

నువ్వు ఆ క్రేన్ ట్రైనింగ్‌కి వెళ్లి ఇవాళ్టికి పదకొండు రోజులు. బావ నిన్న లారీ ఎక్కాడు, మళ్లీ ఆరు రోజులకి వస్తాడు. నీ కొడుకు బాగున్నాడు. మొదటి మూడు రోజులూ పొద్దున్నే చెప్పులేసుకుని గుమ్మంలో కూర్చునేవాడు, అమ్మ బస్సు వస్తుందని. నాలుగో రోజు చెప్పులు విప్పేశాడు. ఎందుకంటే వాడికి ఉద్యోగం దొరికింది.

నిజంగా ఉద్యోగమే. మేస్త్రి ఇచ్చాడు. స్ప్రింగు పరుపు కుట్టడం అయిపోయాక వీణ్ణి దాని మీద ఎక్కించి పదిసార్లు దూకమంటాడు. తను పక్కనే చెవి ఆనించి పడుకుంటాడు. నేను దూకితే స్ప్రింగులన్నీ ఒకేసారి మూలుగుతాయి, ఏది వదులో తెలీదు. వీడు తేలిక కదా, వదులుగా ఉన్నదొక్కటే కీచుమంటుంది. మేస్త్రి అక్కడ సుద్దముక్కతో గీత పెడతాడు. నేను దబ్బనం తీసుకుని, కుట్టు విప్పి, సరిచేసి మళ్లీ కుడతా. మూడున్నరేళ్లకే నాకు పని చెప్పే ఆఫీసరైపోయాడు నీ కొడుకు. మేస్త్రి స్ప్రింగుగాడు అని పేరు పెట్టాడు. నేను మాత్రం అల్లుడుగారూ అంటున్నా. మేనల్లుడికి మర్యాద ఇవ్వాలి కదా.

కొనేవాళ్లొస్తే నేను పరుపుల వెనక్కి వెళ్లిపోతా, నీకు తెలుసుగా. వాడు మాత్రం ఎదురెళ్లి "నేను దూకా, బావుంది, తీసుకోండి" అంటాడు. నీ పోలికే.

తమ్ముడు


క్రేన్ కింద, రేకుల షెడ్డు
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ తమ్ముడూ,

చదివి, మళ్లీ చదివి, పక్క మంచం వాళ్లకి కూడా చదివి వినిపించా. నీకు ఇన్ని మాటలొచ్చా? ఇన్నేళ్లూ ఎక్కడ దాచావురా?

ఇక్కడ నిచ్చెనకి రెండొందల పన్నెండు మెట్లు. పైకెక్కే ముందు ఫోన్లు పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. మధ్యాహ్నం భోజనానికి ఒకసారి, సాయంత్రం దిగాక ఒకసారి చూస్తా. అందుకే ఏదున్నా రాసి పెట్టు. నిన్న కొక్కేన్ని నేల మీద గీసిన గుండ్రంలో దించమంటే ట్రైనర్ టీ గ్లాసు మీద దించా. ఆయన గ్లాసు వైపు చూశాడు, నా వైపు చూశాడు, "గురి మాత్రం బ్రహ్మాండం" అన్నాడు.

ఒక్క మాట. వాడు తినకపోతే తినలేదని రాయి. ఏడిస్తే ఏడ్చాడని రాయి. అక్క బాధపడుతుందని దాచావో, వచ్చి చెవి మెలేస్తా.

అక్క


కుట్టు బల్ల దగ్గర
మంగళవారం, పొద్దున పది

అక్కా,

ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి ఒక్క రోజు సెలవు పెట్టని నీ కొడుకు ఇవాళ సమ్మె చేశాడు. పెద్ద మంచం పరుపు పూర్తయింది, ఎక్కించా. నిలబడ్డాడు. దూకడు. "కానివ్వండి అల్లుడుగారూ" అంటే "దూకను" అన్నాడు. ఎందుకురా అంటే "పొట్ట" అని బొడ్డు మీద వేలు పెట్టాడు. మేస్త్రి చెవి ఆనించి అలాగే పడుకుని "ఏం ఆఫీసరూ, జీతం పెంచాలా?" అన్నాడు. నవ్వలేదు. మెల్లగా కూర్చుని, అంచు దాకా జరిగి, ఒక కాలు పెట్టి, ఆగి, రెండో కాలు పెట్టి దిగాడు. ముసలాయనలా.

పాలు కూడా సగం వదిలేశాడు. నిన్న నీతో ఫోన్లో మాట్లాడాక బెంగ పెట్టుకున్నట్టున్నాడు. శుక్రవారం నీ పరీక్ష కదా, నువ్వు మాత్రం ఇటు ఆలోచించకు.

తమ్ముడు


రేకుల షెడ్డు, భోజనాల బల్ల
మంగళవారం, ఒంటిగంట

తమ్ముడూ,

సమ్మె సంగతి అందరికీ చెప్పా, పడీ పడీ నవ్వారు. వెనకుండి చేయిస్తున్న నాయకుడివి నువ్వేనా ఏంటి? ఒక బిస్కెట్ ఇచ్చి రాజీ కుదుర్చుకోండి. పైకెక్కే టైమైంది.

అక్క


వెనక గది
మంగళవారం, సాయంత్రం ఆరు

అక్కా,

కంగారు పడకు. నాలుగింటికి వాంతి చేసుకున్నాడు. అయిదున్నరకి ఇంకోటి. ఒళ్లు కొంచెం వెచ్చగా ఉంది. వీధిలో పిల్లలందరికీ ఇదే నడుస్తోంది. మేస్త్రి మనవరాలికి పోయిన వారం వచ్చింది, రెండు రోజులు వాంతులు, విరేచనాలు, మూడో రోజుకి లేచి గోడలెక్కింది. మేస్త్రి ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు చెంచాతో పట్టమన్నాడు. పడుతున్నా. రేపు క్లినిక్‌కి తీసుకెళ్తా.

తమ్ముడు


క్లినిక్ బయట, మెట్ల మీద
బుధవారం, పన్నెండు

అక్కా,

చూపించా. ఇరవైమంది పిల్లలున్నారు, అందరిదీ ఇదే గోల. డాక్టర్ పొట్ట నొక్కి చూశాడు. అప్పటికి రెండుసార్లు కొంచెం కొంచెం విరేచనం కూడా అయింది. "ఇదే తిరుగుతోంది, నీళ్లు తాగిస్తూ ఉండండి, తగ్గకపోతే మళ్లీ రండి" అని పొడి ప్యాకెట్లు రాశాడు. అన్నీ చెప్పా ఆయనకి. నువ్వు పరీక్ష చూసుకో.

తమ్ముడు


రేకుల షెడ్డు
బుధవారం సాయంత్రం

తమ్ముడూ,

నొప్పి అంటున్నాడా ఇంకా? ఏమన్నా తిన్నాడా? మీ బావ ఫోన్ కలవట్లేదు. నన్ను వచ్చేయమంటావా? ఇక్కణ్ణుంచి ఒకటిన్నర రోజు ప్రయాణం. నిజం చెప్పు.

అక్క


వెనక గది
బుధవారం సాయంత్రం

అక్కా,

వద్దు. వస్తే పరీక్ష పోతుంది, మళ్లీ మూడు నెలలు ఆగాలి. తినట్లేదు గానీ నీళ్లు తాగుతున్నాడు. అప్పుడప్పుడు పొట్ట అంటున్నాడు. అంతే. నేనున్నా కదా.

తమ్ముడు


రేకుల షెడ్డు, ఫోన్ల పెట్టె దగ్గర
గురువారం, ఒంటిగంట అయిదు

తమ్ముడూ, ఫోన్ ఎత్తట్లేదేంటి? ఇది చూడగానే ఏం చేస్తున్నా ఆపెయ్యి.

మా సైటులో దెబ్బలకి కట్టు కట్టే నర్సమ్మ ఉంది. అన్నం దగ్గర మాటల్లో చెప్పా, బాబుకి వాంతులూ విరేచనాలూ అని. ఆవిడ ఒకటే అడిగింది. "ముందు నొప్పి వచ్చిందా, ముందు వాంతి వచ్చిందా?" నాకు తెలీదన్నా. తర్వాత నీ మెసేజ్‌లు వెనక్కి జరిపి చూశా. దూకనన్నది, పొట్ట అన్నది మంగళవారం పొద్దున పదింటికి. వాంతి నాలుగింటికి. ఆరు గంటల ముందే నొప్పి ఉందిరా వాడికి. నేను దాన్ని చదివి నవ్వాను.

కడుపు చెడితే ఎక్కువగా ముందు వాంతులు మొదలై తర్వాత నొప్పి వస్తుందట. నొప్పి ముందొచ్చి, పోకుండా ఉండి, పిల్లాడు కదలడానికి భయపడుతుంటే అపెండిక్స్ అయి ఉండొచ్చట. చిన్నపిల్లలకి వాంతులూ, విరేచనాలూ, జ్వరం కూడా వస్తాయట, అచ్చం ఇలాగే. ఎప్పుడూ ఇలాగే ఉండాలని లేదు గానీ, వెంటనే చూపించాల్సిందే అంది. ఇప్పుడు వాణ్ణి లేపి నిలబెట్టు. నడిపించి చూడు. ఎలా నడుస్తున్నాడో రాయి. ఇంకేమీ తినిపించకు, తాగించకు.

అక్క


వెనక గది
గురువారం, ఒంటిగంట ఇరవై

అక్కా నిలబడట్లేదు. వంగిపోతున్నాడు. గోడ పట్టుకుని రెండడుగులేసి ఆగాడు. ఒక్కసారి ఎగరరా కన్నా అన్నా. నా మొహం చూసి ఏడ్చాడు, శబ్దం లేకుండా.

మేస్త్రికి చెప్పా. "అపెండిక్సంటే ఇరవై నాలుగు గంటల నొప్పా? అది పెద్దోళ్ల జబ్బురా, పాల పళ్లవాడికి ఎక్కడిది?" అన్నాడు. అంటూనే తాళాలు తీసుకుని పరుపుల వ్యాన్ బయటికి తీస్తున్నాడు. పెద్దాసుపత్రికి వెళ్తున్నాం.


వ్యాన్ వెనక
గురువారం, రెండు

పరుపు మీద పడుకోబెట్టి పక్కన కూర్చున్నా. గతుకు వచ్చినప్పుడల్లా మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని నా వేలు పిసికేస్తున్నాడు. మేస్త్రి గతుకు కనపడితే ముందే అరుస్తున్నాడు, "పట్టుకోరా, వస్తోంది" అని. ఇప్పుడే "తగ్గింది మామా" అన్నాడు. ఏడుపు ఆపాడు. వెళ్తున్నాం.


బస్ స్టాండు
గురువారం, మూడు

తమ్ముడూ, ఆగొద్దు! ఉన్నట్టుండి తగ్గిందంటే అది పగిలి ఉండొచ్చట. నన్ను బస్సెక్కించడానికి వచ్చిన నర్సమ్మ నీ మెసేజ్ చూసి మొహం మార్చుకుంది. తగ్గినట్టే ఉండి మళ్లీ ముంచుతుందట. ఆసుపత్రి చేరారా లేదా రాయి. నేను బయల్దేరా. పరీక్ష గురించి ఒక్క మాట రాశావంటే ఊరుకోను. మీ బావ దొరికాడు, లారీ ఎవరికో అప్పజెప్పి వస్తున్నాడు.

ఒరేయ్, నీకు కొత్తవాళ్ల ముందు నోరు పెగలదని నాకు తెలుసు. మాట రాకపోతే ఈ ఫోన్ వాళ్ల చేతిలో పెట్టెయ్యి. అన్నీ ఇందులోనే ఉన్నాయి, నువ్వు రాసినవే.

అక్క


పెద్దాసుపత్రి, రెండో అంతస్తు, ఆపరేషన్ గది బయట బెంచీ
గురువారం, నాలుగున్నర

అక్కా,

లోపలికి తీసుకెళ్లారు. నీతో డాక్టరమ్మ ఫోన్లో మాట్లాడింది కదా, నేను మొత్తం రాస్తా. రాయకపోతే ఈ బెంచీ మీద కూర్చోలేను.

కౌంటర్ దగ్గర ఒకావిడ "ఏమైంది బాబుకి?" అంది. వెనక చాలామంది. నేను బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డా. మేస్త్రి "వాంతులమ్మా, విరేచనాలు, మూడు రోజులైంది" అన్నాడు. ఆవిడ రాసేసుకుని "అటు వరసలో కూర్చోండి" అంది. ఆ వరసలో ఎంతమందో ఉన్నారక్కా, అందరూ బకెట్లు పట్టుకుని. ఫోన్ ఇద్దామని తీశా. చెయ్యి చమట పట్టి తెర తెరుచుకోలేదు. అప్పుడు "కాదు" అన్నా. గట్టిగా వచ్చింది. ఆవిడ తలెత్తింది.

"ముందు నొప్పి వచ్చిందండీ. మంగళవారం పదింటికి. వాంతి తర్వాత. రోజూ దూకేవాడు, ఆ రోజు దూకలేదు. ఇప్పుడు నిలబడట్లేదు. వ్యాన్‌లో గతుకు వస్తే ఏడ్చాడు, ఇందాక తగ్గిందన్నాడు."

"రోజూ ఎక్కడ దూకేవాడు బాబూ?"

"పరుపుల మీదండీ. అది వాడి ఉద్యోగం."

నవ్వలేదు ఆవిడ. పెన్ను పక్కన పడేసి లోపలికి వెళ్లింది. రెండు నిమిషాల్లో డాక్టరమ్మ వచ్చింది. పొట్ట ముట్టుకోలేదు ముందు. వాడివైపు కాసేపు ఊరికే చూసింది. తర్వాత వాడి అరికాలు పట్టుకుని మడమ మీద మెల్లగా తట్టింది, తలుపు తట్టినట్టు. కాలి మీద తడితే వాడు పొట్ట పట్టుకున్నాడు. అప్పుడు తన చేతులు రుద్దుకుని వెచ్చగా చేసుకుని, "నీ చెయ్యి నా చేతి మీద పెట్టు, మనిద్దరం నొక్కుదాం" అంది. కుడివైపు కింద దాకా వచ్చేసరికి వాడు ఆవిడ చెయ్యి తీసేశాడు. స్కాన్ చేశారు. రక్తం తీశారు. అపెండిక్సే. పగిలింది.

"ఎక్కువసేపు కాలేదు. ఇంకా ఒకచోటే ఉన్నట్టుంది. తీసేసి, శుభ్రంగా కడిగేస్తాం" అంది డాక్టరమ్మ. "ఈ వయసు పిల్లలు నొప్పి ఎక్కడో చూపించలేరు. ఎక్కడ నొప్పన్నా బొడ్డే చూపిస్తారు. వాంతులు, జ్వరం, కొంచెం విరేచనం, అన్నీ కడుపు చెడినట్టే కనిపిస్తాయి. మేమే పొరబడతాం ఒక్కోసారి. నిన్న క్లినిక్‌లో ఈ దూకడం సంగతి చెప్పావా?"

చెప్పలేదక్కా. నీకు అన్నీ చెప్పానని రాశా, అబద్ధం. వెనక ఇరవైమంది ఉన్నారు, డాక్టర్ "వాంతులా? విరేచనాలా?" అని తనే అడిగాడు, నేను రెండుసార్లు తలూపా. అంతే నేను చేసింది. "ఇంకేమన్నా ఉందా?" అని కూడా అడిగాడు. లేదన్నట్టు తల అడ్డంగా ఊపా. పొట్ట, దూకకపోవడం, ముసలాయనలా దిగడం, అన్నీ నోట్లోనే ఉన్నాయి. ఒక రోజు పోయింది నా వల్ల.

లోపలికి తీసుకెళ్లేటప్పుడు "మామా నీళ్లు" అన్నాడు. ఇవ్వకూడదన్నారు.

తమ్ముడు


బస్సు కిటికీ పక్కన
గురువారం, అయిదు

తమ్ముడూ,

చదివా. ఇప్పుడు దాని గురించి మాట్లాడను. నిన్ను తిట్టడానికి నాకు మొహం లేదు. సమ్మె అని నవ్వుకుని రెండొందల పన్నెండు మెట్లూ హాయిగా ఎక్కినదాన్ని నేను. తలుపు తెరుచుకోగానే రాయి. అక్షరం రాసినా చాలు.

అక్క


అదే బెంచీ
గురువారం, ఆరుంబావు

అక్కా అయిపోయింది బాగున్నాడు. బాగున్నాడు. డాక్టరమ్మ ముసుగు కిందకి లాగి నవ్వుతూ వచ్చింది. మొత్తం తీసేసి కడిగేశారట. అయిదారు రోజులు సూదిమందులు, ఉండాలి ఇక్కడే. నేను థాంక్స్ చెబుదామని నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. మేస్త్రి నా కంటే ముందే ఏడుస్తున్నాడు.


పిల్లల వార్డు, కిటికీ వైపు మూడో మంచం
శుక్రవారం, మధ్యాహ్నం రెండు

అక్కా,

నీ బస్సు ఎక్కడిదాకా వచ్చింది? ఇక్కడి కబురు చెప్తా, నవ్వకుండా చదువు.

పొద్దుట్నుంచీ డాక్టరమ్మ వచ్చిన ప్రతిసారీ "గాలి వదిలాడా?" అని అడుగుతోంది. పేగులు మళ్లీ పనిచెయ్యడం మొదలెడితే గాలి వస్తుందట. అది వస్తేగానీ నోటికి ఏమీ ఇవ్వరట. నర్సులూ అదే అడుగుతున్నారు. గచ్చు తుడిచే ఆవిడ కూడా తుడుస్తూ "వదిలాడా బాబూ?" అంది. మేస్త్రి మంచం పక్కన కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు. "అరవయ్యేళ్లలో దీనికి ఇంత మర్యాద నేనెక్కడా చూళ్లేదురా" అంటున్నాడు.

ఒంటిగంటన్నరకి వచ్చింది. చిన్నది కాదు. పక్క మంచం వాళ్లు ఇటు తిరిగారు. మేస్త్రి లేచి నిలబడ్డాడు. నర్సు చప్పట్లు కొట్టింది. నేను "సిస్టర్, పిత్తాడు!" అని వార్డు మొత్తం వినపడేలా అరిచా. నేనే అక్కా. నీ తమ్ముణ్ణే.

వీడేమన్నాడో తెలుసా? అందరూ తన వైపు చూస్తుంటే సిగ్గుపడి, నన్ను చూపించి, "నేను కాదు, మామ" అన్నాడు.

రెండు చెంచాల నీళ్లిచ్చారు. అమృతం తాగినట్టు తాగాడు. నువ్వెప్పుడొస్తావని మూడుసార్లు అడిగాడు. పొద్దున లేచేసరికి వస్తుందని చెప్పా. వచ్చెయ్యి.

తమ్ముడు


ఏదో టీ కొట్టు ముందు, బస్సు ఆపారు
శుక్రవారం, మూడు

ఒరేయ్,

బస్సులో గట్టిగా నవ్వేసి, వెంటనే ఏడ్చేశాను. పక్కసీటు ఆవిడ భయపడి నీళ్లిచ్చింది. ఏమైందమ్మా అంటే నా కొడుకు పిత్తాడండీ అన్నా. ఆవిడ లేచి వెనక సీటుకి వెళ్లిపోయింది.

రేపు పొద్దున ఏడింటికి దిగుతా. మీ బావ రాత్రికే చేరతాడు. నువ్వు కాసేపు పడుకో, నా బంగారం.

అక్క


షాపు ముందు గది, కుట్టు బల్ల దగ్గర
ఆదివారం, మధ్యాహ్నం మూడు

అక్కా,

నువ్వు పది అడుగుల దూరంలో వెనక గదిలో ఉన్నావు. వాడు నీ పక్కన నిద్రపోతున్నాడు. మధ్యలో తలుపు కూడా లేదు, కర్టెనే. అయినా రాస్తున్నా. వచ్చి మూడు వారాలైంది, ఎల్లుండి మళ్లీ ట్రైనింగ్‌కి వెళ్లిపోతావు, కొత్త బ్యాచ్‌తో పరీక్ష రాస్తావు. వెళ్లేలోపు చెప్పాలి.

నిన్న క్లినిక్‌కి వెళ్లా. ఎవరూ పంపలేదు, నేనే. డాక్టర్‌తో అంతా చెప్పా, నేను చెప్పకుండా దాచింది కూడా. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత "నేను పడుకోబెట్టి చూశాను, నడిపించి చూడలేదు. ఇకనుంచి చూస్తా" అన్నాడు. "బాబు తినగలుగుతున్నాడా?" అని అడిగాడు. మూడు అరటిపళ్లు తిన్నాడని చెప్పా.

అది తేలిగ్గానే చెప్పగలిగా. ఇది కష్టం.

వ్యాన్‌లో వాడు "తగ్గింది మామా" అన్నప్పుడు వెళ్తున్నాం అని నీకు రాశా కదా. అది రాసింది తర్వాత. ముందు జరిగింది ఇది. మేస్త్రి అద్దంలో చూసి "తిప్పమంటావా?" అన్నాడు. నేను తిప్పండి అన్నా. తిప్పాడు. ఒక వీధి మొత్తం వెనక్కి వచ్చాం.

ఎందుకు తిప్పమన్నానో తెలుసా? వాడికి తగ్గిందని కాదు. తగ్గింది కాబట్టి ఇంక ఆసుపత్రిలో ఎవరితోనూ మాట్లాడక్కర్లేదని. నాకు సంతోషమేసిందక్కా. ఒంట్లోంచి బరువు దిగిపోయినట్టయింది. ఆ సంతోషంతోనే వాడివైపు చూశా. ఏడవట్లేదు, నిజమే. కానీ మోకాళ్లు ఇంకా ముడిచే ఉన్నాయి. పెదాలు తెల్లగా ఉన్నాయి. నన్ను చూస్తున్నాడు గానీ ఏమీ అడగట్లేదు. వాడు ఏమీ అడక్కుండా ఎప్పుడన్నా ఉన్నాడా? అప్పుడు మళ్లీ తిప్పమని అరిచా. మొత్తం అయిదు నిమిషాలు. రోజూ లెక్కేస్తున్నా, ఆ అయిదు నిమిషాల్లోనే పగిలిందేమో, నా సిగ్గు వల్లే పగిలిందేమో అని. వాడి పొట్ట మీద కుట్లు చూసినప్పుడల్లా అదే.

తమ్ముడు


వెనక గది, కర్టెన్ ఇవతల
ఆదివారం, మూడుంబావు

పిచ్చి సన్నాసీ,

మేస్త్రి నాకు వచ్చిన రోజే చెప్పాడు. కాకపోతే ఇలా చెప్పాడు. "తగ్గిందనగానే నేనే బండి తిప్పేశానమ్మా, బుద్ధి లేక. నీ తమ్ముడే మళ్లీ తిప్పించాడు. నోట్లో నాలుకే లేదనుకున్నా, వాడి అరుపుకి నా చేతిలో స్టీరింగ్ జారింది." తిప్పమన్నది నువ్వని ఆయన ఒక్క మాట కూడా అనలేదు. వెళ్లి ఆయనకి ఒక టీ పొయ్యి.

ఇంక లెక్క నేను చెప్తా, విను. అది పగిలింది కాబట్టే వాడికి తగ్గినట్టనిపించింది. వాడికి తగ్గినట్టనిపించింది కాబట్టే నువ్వు తిప్పమన్నావు. అంటే నువ్వు నోరు తెరిచేసరికే అది పగిలి ఉంది. డాక్టరమ్మని కూడా అడిగా. "అయిదు నిమిషాలు నాకు లెక్క కాదమ్మా, తగ్గిందని ఇంటికెళ్లి రెండు రోజులు ఆగి వచ్చేవాళ్లే నాకు లెక్క" అంది. నువ్వు ఒక వీధే ఆగావు.

సంతోషమేసిందన్నావు చూడు, అదీ విన్నా. మాట్లాడక్కర్లేదని సంతోషపడ్డవాడివి, గంటకే కౌంటర్ దగ్గర "కాదు" అన్నావు. ఆ మాట అనడం నీకు, నేను రెండొందల పన్నెండు మెట్లెక్కడం కంటే కష్టమని నాకు తెలుసురా. నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని.

ఎల్లుండి వాణ్ణి నీ దగ్గరే వదిలి వెళ్తున్నా. ఇంకెవరి దగ్గరైనా వదలనా అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అర్థమైందా?

ఇంక ఫోన్ పక్కన పెట్టి లోపలికి రా. వీడు లేచాడు, మామ ఏడీ అంటున్నాడు.

అక్క


ముందు గది

వస్తున్నా. మొహం కడుక్కుని.